వాసన మా ఫ్లాట్ల దాకా వచ్చాక

చలికాలం రాగానే బీరంగూడ, అమీన్‌పూర్, మియాపూర్, బాచుపల్లి వైపు అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో అర్ధరాత్రి దాటాక ఒక మెసేజ్ తిరుగుతుంది: "మీకు కూడా వస్తోందా?" ఏం వస్తోందో ఎవరూ విడమరిచి రాయరు. పటాన్‌చెరు వైపు మందుల ఫ్యాక్టరీల నుంచి వచ్చే, గొంతులో గరగర, కళ్ల మంట, తలనొప్పి తెప్పించే సాల్వెంట్ (రసాయన ద్రావకం) ఘాటు. కిటికీలు బిగించుకుంటాం. పిల్లలున్నవాళ్లు ఎయిర్ ప్యూరిఫయర్ ఆన్ చేస్తారు. ఓపికున్నవాళ్లు కాలుష్య నియంత్రణ మండలికి ఫిర్యాదు పెడతారు. ఇటు ఇల్లు కొనుక్కున్నాక నేనూ పెట్టాను. పెడితే పలికేవాళ్లున్నారు. రాత్రి గస్తీ బృందాలు తిరిగాయి, పేపర్లలో వార్తలొచ్చాయి, ఎన్నికలప్పుడు నాయకులు అసోసియేషన్ మీటింగులకొచ్చి హామీలిచ్చి వెళ్లారు.

ఇదే గాలిని, దాంతోపాటు ఇంతకన్నా ఘోరమైన నీళ్లని, ఆ ఫ్యాక్టరీల దిగువన నక్కవాగు వెంట ఉన్న ఊళ్లు దాదాపు నలభై ఏళ్లుగా భరిస్తున్నాయి. బావుల్లో నీళ్లు రంగు మారాయని, చూడి గేదెలకు గర్భం నిలవడం లేదని, నాటేసిన వరి ఎండిపోతోందని వాళ్లు మొత్తుకున్నప్పుడు అర్ధరాత్రి ఎవరూ పరిగెత్తుకు రాలేదు. వాళ్లు ధర్నాలు చేయాలి, కేసులు వేయాలి, శాంపిల్ సీసాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. మాకు ఫోన్లో ఒక ఫోటో, ఒక ట్యాగ్ చాలు. చదరపు అడుగుకు వేలకు వేలు పోసి కొన్నవాళ్ల ముక్కుకు తగిలిన తర్వాతే ఈ వాసన నగర సమస్య అయింది.

వేగంగా ఎదిగే ఆర్థిక వ్యవస్థల గురించి మాట్లాడేటప్పుడు పర్యావరణాన్ని ఒక అధ్యాయంగా, అసమానతని ఇంకో అధ్యాయంగా విడగొట్టి చెప్పడం మనకి అలవాటు. పటాన్‌చెరు పక్కన కొన్నాళ్లుంటే ఆ విభజన నిలవదు. ఇక్కడ రెంటికీ ఒకటే ఖాతా. ఒక టాబ్లెట్ చౌకగా తయారవుతోందంటే దాని అసలు ఖర్చులో కొంత భాగం బిల్లులోకి ఎక్కకుండా వాగులోకి వెళ్లిందని అర్థం. వాగు దిగువన ఎవరున్నారన్నది యాదృచ్ఛికం కాదు. భూమి అడిగితే ఇవ్వక తప్పని మనుషులు ఉన్న చోటు కాబట్టే ఫ్యాక్టరీ అక్కడ పెట్టారు.

దీనికి ఒక పాత సమాధానం ఉంది: "ముందు ఎదగనివ్వండి, డబ్బులొచ్చాక శుభ్రం చేసుకుందాం." దీనికి ఆర్థికశాస్త్రం నుంచి ఆసరా కూడా ఉంది. దేశం ఎదిగే తొలి దశలో అసమానత పెరిగి, ఒక స్థాయి దాటాక తగ్గుతుందని సైమన్ కుజ్నెట్స్ 1955లో ప్రతిపాదించాడు. 1990లలో ఆర్థికవేత్తలు గ్రాస్‌మన్, క్రూగర్ కాలుష్యం విషయంలోనూ అలాంటి బోర్లించిన 'U' ఆకారం గీతే కనిపిస్తోందన్నారు. ఆ గీత ఇప్పటికీ మన మంత్రుల ఉపన్యాసాల్లో పేరు లేకుండా తిరుగుతూనే ఉంది. అందులో నాకు నచ్చనిది ఒకటుంది. ఆ గీతలో దేశం మొత్తానికి ఒక చుక్క. ఒక చోట కాలుష్యం తగ్గితే నిజంగా తగ్గిందా, లేక బండెక్కి వేరే చోటికి వెళ్లిందా అన్నది ఆ చుక్క చెప్పదు. చైనా 2014లో కాలుష్యం మీద యుద్ధం ప్రకటించింది. బీజింగ్ గాలి చాలా మెరుగుపడింది, కాదనలేం. అదే ఊపులో అక్కడ మందుల ముడిపదార్థాల యూనిట్లు కొన్ని మూతపడ్డాయి, ధరలు పెరిగాయి. మనం దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్‌లో (ఆ ముడిపదార్థాల్లో) మూడింట రెండొంతులు చైనావే కాబట్టి ఇక్కడ టెన్షన్ మొదలైంది. ఫలితం, "మనమే తయారు చేసుకుందాం" అంటూ బల్క్ డ్రగ్ పార్కులు. వాళ్ల గీత కిందికి దిగడంలో కొంత భాగం మన గీత పైకి ఎక్కడం.

పటాన్‌చెరు కథని మొదటి నుంచి చూస్తే దుర్మార్గులెవరూ కనిపించరు. అదే దాంట్లో చిక్కు. 1960లలో బాలానగర్‌లో ప్రభుత్వ మందుల కంపెనీ ఐడీపీఎల్ ప్లాంటు వచ్చింది. విదేశీ కంపెనీల ధరలు తట్టుకోలేని దేశానికి సొంతంగా మందులు చేసుకోవడం అవసరం. అక్కడ పని నేర్చుకున్న కెమిస్టులు, ఇంజనీర్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టారు. డాక్టర్ రెడ్డీస్ స్థాపించిన అంజిరెడ్డి కూడా ఐడీపీఎల్‌లో పని చేసినవాడే. 1970లలో పటాన్‌చెరు పారిశ్రామికవాడ మొదలైంది. మెదక్ వెనకబడిన జిల్లా, రాయితీలున్నాయి, పక్కనే జాతీయ రహదారి, పక్కనే హైదరాబాద్. 1972లో స్టాక్‌హోమ్ సదస్సులో పేదరికాన్ని మించిన కాలుష్యం ఏముందన్న అర్థం వచ్చేలా మాట్లాడిన ఇందిరా గాంధీయే 1980లో మెదక్ నుంచి ఎంపీ అయ్యారు. పటాన్‌చెరు అప్పటి మెదక్ జిల్లాలోదే. ఆవిడ ప్రశ్నకు ఇక్కడ దొరికిన జవాబు మాత్రం ఆవిడ ఊహించింది కాదనుకుంటా: పేదరికం పూర్తిగా పోలేదు, రెండో రకం కాలుష్యం కూడా వచ్చి పక్కన కూర్చుంది.

1990లో ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో పిటిషన్ పడింది. ఊళ్లకి తాగునీళ్లు ఇవ్వమని, రైతులకు పరిహారం ఇవ్వమని ఆదేశాలు వచ్చాయి. బావులు, వాగు, చెరువు అన్నీ ఉన్న ఊరికి బయటి నుంచి పైపులో నీళ్లు పంపాల్సి రావడం ఎలాంటి అభివృద్ధో మీరే చెప్పండి. కేసు తర్వాత హైకోర్టుకు, అక్కణ్ణించి గ్రీన్ ట్రిబ్యునల్‌కు వెళ్లింది. పిటిషన్ పడ్డ ఏడు పుట్టిన పిల్లలు పెరిగి, చదువుకుని, అదే ఫ్యాక్టరీల్లో ఉద్యోగాలకు చేరేంత కాలం నడిచింది.

ఈలోగా 1994లో కంపెనీలన్నిటి వ్యర్థజలాలు కలిపి శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు పెట్టారు. ప్లాంటు ఉంది కాబట్టి సమస్య తీరిందని కాగితం మీద అనుకున్నారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన యోకిమ్ లార్సన్ బృందం, ఆ ప్లాంటు శుద్ధి చేసి బయటికి వదులుతున్న నీటిని పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించింది. లీటరు నీళ్లలో 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉంది. మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ. ఆ లెక్కన ఒక్క రోజులో బయటికి పోతున్నది 45 కిలోలు, అంటే అప్పటికి దాదాపు 90 లక్షల జనాభా ఉన్న స్వీడన్ మొత్తం అయిదు రోజుల్లో వాడేంత. మళ్లీ చెప్తున్నా, ఇది శుద్ధి *అయ్యాక*.

యాంటీబయాటిక్ వాగులో పారితే వాగులోని బ్యాక్టీరియా దానికి అలవాటు పడుతుంది. అలా మొండికెత్తిన బ్యాక్టీరియా పటాన్‌చెరు పొలిమేరలో ఆగదు. ఎక్కడో ఆసుపత్రిలో మూత్రకోశ ఇన్‌ఫెక్షన్‌తో చేరిన మనిషికి మొదటి మందు, రెండో మందు పనిచేయక డాక్టరు ఖరీదైన ఇంజెక్షన్ రాసినప్పుడు, ఆ బిల్లుకీ ఈ వాగుకీ సంబంధం ఉందని నిరూపించడం ఎవరి తరమూ కాదు. నిరూపించలేని నష్టానికి పరిహారం ఉండదు. ఇన్సూరెన్స్ ఉన్నవాడు గట్టెక్కుతాడు, లేనివాడు అప్పు చేస్తాడు.

ఇక ఆ శుద్ధి అయిన నీళ్లని ఏం చేయాలన్న ప్రశ్నకు మనవాళ్లు కనుక్కున్న పరిష్కారం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా వాదనంతా అందులోనే ఉంది. పటాన్‌చెరు నుంచి, అంబర్‌పేట మురుగు శుద్ధి కేంద్రానికి వెళ్లే నగరం మురుగు కాలువ దాకా దాదాపు 18 కిలోమీటర్ల పైపు వేశారు. నక్కవాగులోకి పోవాల్సింది ఊరంతా దాటి వెళ్లి నగరం మురుగులో కలుస్తుంది, అక్కణ్ణించి మూసీలోకి. నగరం మురుగు ఎక్కువ కాబట్టి రసాయనం పలచబడుతుంది. పలచబడితే కొలతలో తక్కువ కనిపిస్తుంది. నక్కవాగు వాళ్లకి కొంత ఊరట దక్కింది, అది నిజం, దాన్ని చిన్నచూపు చూడను. మరి మూసీ దిగువన ఎవరున్నారు? పీర్జాదిగూడ వైపు మూసీ నీళ్లతో గడ్డి పెంచి గేదెలకు వేసేవాళ్లు. ఇంకా కిందికెళ్తే బీబీనగర్, పోచంపల్లి, వలిగొండ మీదుగా కత్వల (నదికి కట్టిన చిన్న ఆనకట్టల) నుంచి కాలువలు తీసుకుని వరి పండించే రైతులు. వాళ్లలో ఎవరికీ ఒక్క ఫార్మా కంపెనీలో వాటా లేదు. చాలామందికి ఆ నీళ్లే దిక్కు కూడా, ఎందుకంటే వానలు పడకపోయినా మూసీలో నీళ్లుంటాయి, నగరం స్నానం చేయడం మానదు కదా. ఆ గడ్డి తిన్న గేదెల పాలు పొద్దున్నే మళ్లీ నగరానికే వస్తాయి. అది మన ఇంట్లోకి రాదని ధీమాగా ఉన్నాం, ప్యాకెట్ పాలు కొంటాం కాబట్టి.

మూసీ పుట్టేది వికారాబాద్ అనంతగిరి కొండల్లో. ఆ వికారాబాద్ సంగతి తర్వాత వస్తుంది.

అంతకన్నా ముందు ఉద్యోగాల మాట. ఈ విషయం ఎప్పుడెత్తినా "ఫ్యాక్టరీలు మూసేయమంటారా, లక్షల మంది పొట్ట కొడతారా" అన్న ప్రశ్న వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. నా స్నేహితుల్లో సగం మంది జీతాలు ఈ పరిశ్రమ నుంచో, దాన్ని నమ్ముకున్న వ్యాపారాల నుంచో వచ్చినవే. ఇస్నాపూర్, రుద్రారంలలో వరస గదులు కట్టి కార్మికులకు అద్దెకిచ్చి పిల్లల్ని బీటెక్ చదివించినవాళ్లు నాకు తెలుసు. పొలం మంచి రేటుకు అమ్ముకుని బాగుపడ్డవాళ్లూ ఉన్నారు. ప్రపంచంలో ఎన్నో దేశాల పేదలు చౌకగా మందులు మింగుతున్నారంటే అందులో ఈ ప్రాంతం చేయి పెద్దదే. పరిశ్రమ వద్దనే మాట నేను అనడం లేదు.

కానీ ఉద్యోగాలు ఎలాంటివో కూడా చూడాలి. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. చాలామంది బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ లాంటి రాష్ట్రాల నుంచి వచ్చిన కార్మికులు. శవాలు గుర్తుపట్టలేని స్థితిలో ఉంటే డీఎన్ఏ పరీక్షల కోసం కుటుంబాలు రోజుల తరబడి కాచుకున్నాయి. కొందరి ఆనవాళ్లే దొరకలేదు. అంతకు ముందు ఏడాది ఆగస్టులో అచ్యుతాపురం సెజ్‌లో పేలుడుకు 17 మంది పోయారు. 2020 మేలో విశాఖ ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ గ్యాస్ లీకయి నిద్రలో ఉన్న ఊరి మీద పడింది. 12 మంది చనిపోయారు. ప్రతిసారీ కమిటీ, ఎక్స్‌గ్రేషియా, "బాధ్యులను వదిలిపెట్టం" అన్న మాట. భూమి ఇచ్చిన ఊరివాళ్లకి పర్మనెంట్ ఉద్యోగాలిస్తామన్న హామీ ఎక్కువగా సెక్యూరిటీ గార్డు, హౌస్‌కీపింగ్ దగ్గర ఆగుతుంది. ప్రమాదకరమైన పని మాత్రం యూనియన్ లేని, భాష రాని, అడిగితే మర్నాడు రానివ్వరని భయపడే కాంట్రాక్ట్ మనిషి చేతికి వెళ్తుంది. కాలుష్యం వాగు దిగువకి పోతుంది, ప్రమాదం కాంట్రాక్టర్ దిగువకి. రెంటికీ తెలిసిన దారి ఒకటే.

ఇప్పుడు లెక్కల దగ్గరికొద్దాం. తెలంగాణలో తలసరి ఆదాయంలో మొదటి స్థానం రంగారెడ్డి జిల్లాది. ఆ జిల్లాలోనే కోకాపేట ఉంది. 2023 ఆగస్టు వేలంలో అక్కడ ఎకరం వంద కోట్లు దాటింది. అదే జిల్లాలో యాచారం, కందుకూరు, కడ్తాల్ మండలాలున్నాయి. మందుల ఫ్యాక్టరీలన్నీ ఒకేచోట పెట్టే ఫార్మాసిటీ కోసం 19 వేల ఎకరాలకు పైగా తీసుకోవాలనుకున్నది అక్కడే. మేడిపల్లి, కుర్మిద్ద, నానక్‌నగర్ లాంటి ఊళ్లలో రైతులకు చెప్పిన పరిహారం ఎకరాకు లక్షల్లో. అందులో కూడా అసైన్డ్ భూమికి, అంటే ఎక్కువగా దళితులు, గిరిజనుల చేతుల్లో ఉన్న భూమికి, పట్టా భూమికన్నా తక్కువ. ఒకే జిల్లా, ఒకే తలసరి ఆదాయం. కోకాపేట ఎకరాన్నీ కుర్మిద్ద ఎకరాన్నీ కలిపి సగటు తీసి "రాష్ట్రంలోనే సంపన్న జిల్లా" అని బోర్డు పెట్టుకున్నాం. భూమి విలువ తేడాకి కారణం మట్టి కాదు, కోకాపేటలో అమ్మేది ప్రభుత్వం, కుర్మిద్దలో కొనేది ప్రభుత్వం.

దేశం మొత్తం మీదా కథ వేరేగా లేదు. వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ అంచనా ప్రకారం 2022-23లో దేశ ఆదాయంలో 22.6 శాతం, సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం మందిదే. వృద్ధి రేటు బాగుందన్న వార్త వచ్చినప్పుడల్లా ఈ రెండో అంకె కూడా పక్కనే వేస్తే వార్త చదివే తీరు మారుతుంది.

ఫార్మాసిటీ వ్యతిరేకత పెరిగి, ప్రభుత్వం మారి, ఆ ప్రణాళిక రూపం మార్చుకుంది. ఒక్కచోట అంత పెద్దది వద్దు, చిన్నచిన్న ఫార్మా క్లస్టర్లు పెడదామన్నారు. వాటిలో ఒకటి ఎక్కడ? వికారాబాద్ జిల్లాలో. తలసరి ఆదాయంలో రాష్ట్రంలో అట్టడుగున ఉండే జిల్లాల్లో అదొకటి. 2016 దాకా అందులో ఎక్కువ భాగం రంగారెడ్డి జిల్లాలోదే, ఇప్పుడు రెంటి తలసరి ఆదాయానికీ నాలుగు రెట్ల పైన తేడా. 2024 నవంబరులో లగచర్లలో ప్రజాభిప్రాయ సేకరణకు వచ్చిన కలెక్టర్‌ని జనం అడ్డుకున్నారు, అధికారులపై దాడి జరిగింది, అరెస్టులు జరిగాయి. లంబాడా మహిళలు ఢిల్లీ దాకా వెళ్లి మానవ హక్కుల కమిషన్ తలుపు తట్టారు. అధికారి మీద చేయి చేసుకోవడం తప్పే. కానీ ఎకరమో రెండెకరాలో ఉన్న మనిషి "వద్దు" అనడానికి మనం ఇచ్చిన వేదిక ఆ ఒక్క మీటింగు మాత్రమేనని కూడా గుర్తుంచుకోవాలి. నెల తిరక్కముందే ఫార్మా నోటిఫికేషన్ వెనక్కి తీసుకుని, దాని స్థానంలో ఇండస్ట్రియల్ పార్కు అన్నారు. అనంతగిరి ఉన్నదీ అదే జిల్లాలో. మూసీకి పుట్టిన జిల్లాలో కూడా పరిశ్రమ తోడు కావాలేమో మరి.

ఇంతలో మా వైపు ఏమయింది? 2025 నవంబరులో ప్రభుత్వం హైదరాబాద్ చుట్టుపక్కల పాత పారిశ్రామికవాడల్లోని దాదాపు 9,292 ఎకరాలను ఇళ్లకు, ఆఫీసులకు, మాల్స్‌కు మార్చుకోవచ్చంటూ విధానం తెచ్చింది. రిజిస్ట్రేషన్ విలువలో కొంత శాతం కడితే చాలు. చెప్పిన కారణం కాలుష్యం: ఫ్యాక్టరీలు ఔటర్ రింగ్ రోడ్డు బయటికి వెళ్తాయి, నగరం ఊపిరి పీల్చుకుంటుంది. మా వాట్సాప్ గ్రూపులో చప్పట్ల ఎమోజీలు వరసగా పడ్డాయి. మన ఫ్లాట్ల రేట్లు పెరుగుతాయని ఒకాయన లెక్క కూడా వేశాడు.

ఆ లెక్క ఇంకో కోణం నుంచి వేద్దాం. పరిశ్రమలు పెట్టండని ఆనాడు ప్రభుత్వం చవకగా ఇచ్చిన భూమి. దశాబ్దాల పాటు దాని మీద ఉత్పత్తి చేసి, వ్యర్థాలు బయటికి వదిలినవాళ్లున్నారు. ఇప్పుడు ఆ భూమి విలువ ఎన్నో రెట్లు. వెళ్లిపోయేవాడికి భూమి విలువ దక్కుతుంది. వాగు, చెరువు, భూగర్భజలం ఉన్నచోటే ఉంటాయి. ఫ్యాక్టరీ కింద మట్టిలో ఏముందో పరీక్షించి, శుభ్రం చేశాకే అక్కడ పిల్లలు ఆడుకునే పార్కు కట్టాలన్న చర్చ నాకు ఎక్కడా గట్టిగా వినిపించలేదు. కుంభకోణమా కాదా అని పార్టీలు కొట్టుకున్నాయి, రేట్ల మీద కొట్టుకున్నాయి. నక్కవాగు ఊళ్లకు ఆ డబ్బులో ఎంత అన్న మాట ఏ పక్షమూ ఎత్తలేదు. బయటికి వెళ్లే ఫ్యాక్టరీ ఏ వాగు పక్కన దిగుతుందో ఆ ఊరివాళ్లకి ఇంకా తెలియను కూడా తెలియదు.

ఆంధ్రలోనూ ఇదే వరస. అనకాపల్లి జిల్లా నక్కపల్లిలో బల్క్ డ్రగ్ పార్కుకు 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. అదే ఏడాది రాజయ్యపేట మత్స్యకారులు రోడ్డెక్కారు. అక్కడ వాగు బదులు సముద్రం, అంతే తేడా. సముద్రం పెద్దది, ఏదైనా పలచబడిపోతుందన్న ధైర్యం. చేప ఎటు పోయిందో మాత్రం పడవలో వెళ్లినవాడికే తెలుస్తుంది.

ఏం చేయాలంటారు అని అడిగేవాళ్లకి నా దగ్గర మహా పథకం లేదు. కొన్ని మామూలు పనులున్నాయి. ప్రతి పెద్ద యూనిట్ నుంచి ఆన్‌లైన్ మీటర్లు ఇప్పటికే కాలుష్య నియంత్రణ మండలికి లెక్కలు పంపుతున్నాయి. ఆ లెక్కలు రోజూ తెలుగులో, దిగువ ఊరి పంచాయతీ గోడ మీద, స్క్రీన్ మీద కనిపించాలి. రాత్రి రెండింటికి మీటరు ఆగిపోతే ఆగిపోయిందని కూడా కనిపించాలి. నార్వే, స్వీడన్ లాంటి దేశాలు మందుల కొనుగోలు టెండర్లలో పర్యావరణ ప్రమాణాలకు మార్కులు ఇవ్వడం మొదలుపెట్టాయి. మన ప్రభుత్వ ఆసుపత్రులకు కోట్ల రూపాయల మందులు కొనే సంస్థలు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి, అవి ఇప్పటికీ ప్రధానంగా తక్కువ ధర కోట్ చేసిందెవరో చూస్తాయి. పది పైసలు ఎక్కువ పెట్టి కొనమంటే ఖజానా మీద భారం అంటారు. ఆ పది పైసలు ఇప్పుడు కట్టేది పోచంపల్లి కాలువ కింద రైతు, అదీ రసీదు లేకుండా.

అన్నిటికన్నా తేలికైనది ఇంకోటుంది. 2020 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఒక ముసాయిదా ఇచ్చింది. ఫార్మా కంపెనీలు వదిలే వ్యర్థజలాల్లో ఏ యాంటీబయాటిక్ ఎంత మించకూడదో 121 మందులకు పరిమితులు అందులో ఉన్నాయి. ఏ దేశమూ అప్పటికి అంత దూరం పోలేదు. 2021 ఆగస్టులో తుది నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ పట్టిక మొత్తం ఎగిరిపోయింది. అంటే కొలవాల్సినవి ఏమిటో, ఎంత ఉండాలో రాసి పెట్టిన కాగితం ఢిల్లీలో ఒక ఫైల్లో ఉంది. మన రెండు రాష్ట్రాల ఎంపీలు నలభై రెండు మంది లోక్‌సభలో కూర్చుంటున్నారు. ఆ పట్టిక ఎవరు అడిగితే తీసేశారని వాళ్లలో ఒక్కరు ప్రశ్న వేస్తే, జవాబు లిఖితపూర్వకంగా ఇవ్వక తప్పదు.